రంగు పోయింది సరే, ఎక్కడికి పోయింది?

ప్రశ్న: రొయ్యల పొట్టు నుంచి తీసిన కైటోసాన్‌కు ఎంజైములు తోడైతే నీళ్ళలోని ఏ రసాయనమైనా పోతుందని చదివాను. నిజమేనా? ఆ నీళ్ళు తాగొచ్చా?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: 'ఏ రసాయనమైనా' అన్న దగ్గరే నాకు పేచీ అమ్మా. కైటోసాన్ పని పట్టుకోవడం, ఎంజైమ్ పని మార్చడం.

రొయ్యలు, పీతల పొట్టులో ఉండే కైటిన్‌ను గాఢమైన కాస్టిక్ సోడాలో వేడి చేస్తే కైటోసాన్ వస్తుంది. దాని గొలుసు పొడవునా అమైనో సమూహాలుంటాయి. నీళ్ళు కాస్త ఆమ్లంగా ఉంటే వాటికి ధనావేశం వస్తుంది. బట్టల అద్దకంలో వాడే రియాక్టివ్ రంగులది ఋణావేశం కాబట్టి వచ్చి అంటుకుంటాయి. అయితే ఆమ్లంలో కైటోసాన్ తానే కరిగిపోతుంది! అందుకే గొలుసుల మధ్య అడ్డుబంధాలు వేసి పూసలుగా చేస్తారు.

ల్యాబ్‌లో ఎర్ర నీళ్ళు తేటపడగానే మా పిల్లలు ఫొటోలు తీసుకుంటారు. నేను పూసలు చూపించమంటాను. రంగంతా వాటిలోనే ఉంటుంది. ఆ పూసల్ని ఏం చేస్తారో చెప్పకుండా 'శుభ్రం చేశాం' అంటే నేను ఒప్పుకోను.

ఇక ఎంజైములు. లాకేజ్ అనే ఎంజైమ్‌ను 1883లో యోషిదా అనే శాస్త్రవేత్త జపాన్ లక్కచెట్టు పాలలో గమనించాడు. కట్టెను కుళ్ళబెట్టే కొన్ని శిలీంధ్రాల్లోనూ అది దండిగా ఉంటుంది. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ చాలు, ఫినాల్ లాంటి పదార్థాలను ఆక్సీకరిస్తుంది. అవి ఒకదానికొకటి అతుక్కుని కరగని ముద్దలవుతాయి, వడగట్టేయొచ్చు. పెరాక్సిడేజ్ అనే మరో ఎంజైమ్‌కైతే హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా పోయాలి. అది ఎక్కువైతే ఎంజైమే పాడవుతుంది. అదో టెన్షన్.

ఎంజైమ్‌ను ఊరికే నీళ్ళలో కలిపితే ఆ నీళ్ళతోనే పోతుంది. గ్లుటరాల్డిహైడ్ అనే జతచేసే రసాయనంతో కైటోసాన్ పూసలకు బంధిస్తే చురుకు కొంత తగ్గినా మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. మీరు చదివిన 'తోడు' బహుశా ఇదే.

పాదరసం, సీసం సంగతి వేరు. అవి మూలకాలు, వాటిని విరగ్గొట్టే ఎంజైమ్ లేదు. వాటిని పట్టుకుని బయటికి తీయాల్సిందే.

తాగడం మాత్రం వద్దు. అద్దకంలో వాడే అజో రంగులు (రెండు నత్రజని పరమాణువుల జంట బంధం ఉన్నవి) విరిగినప్పుడు ఆరోమాటిక్ అమైన్లు అనే రసాయనాలు పుట్టొచ్చు. వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు, పైగా చాలావాటికి రంగుండదు. కరిగిన లవణాలూ అలాగే మిగిలిపోతాయి. మీ ప్రాజెక్టు కోసమైతే రంగు కొలిచి ఆపేయకండి, సీఓడీ (నీళ్ళలోని పదార్థాలను రసాయనికంగా ఆక్సీకరించడానికి కావాల్సిన ఆక్సిజన్) కూడా కొలవండి, వీలైతే హెచ్‌పీఎల్‌సీలో (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి చూపే పరికరం) ఏం మిగిలిందో చూడండి.