మేడ మీద కూరగాయలు: మొదలుపెట్టే ముందు నీళ్లు చూసుకోండి

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. ఈ జూన్‌లో డాబా మీద తోట మొదలుపెట్టాను. ఇరవై కుండీల్లో టమాటా, క్యాప్సికం, కాలీఫ్లవర్ నారు నాటాను. కొబ్బరి పొట్టు, ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపాను. రెండు పూటలా బోరు నీళ్లు పోస్తున్నాను, ఆర్‌ఓ ఫిల్టరు నుంచి బయటికి వచ్చే నీళ్లు కూడా వృథా చేయకుండా పోస్తున్నాను. పది రోజులకే ఆకుల అంచులు మాడిపోతున్నాయి. ఏ మందు కొట్టాలి?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, మందేమీ కొట్టకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది పురుగు పనీ కాదు, తెగులూ కాదు. మట్టి తడిగా ఉన్నా ఆకు అంచు నుంచి లోపలికి గోధుమరంగులో ఎండుతూ వస్తోందంటే ముందుగా ఉప్పును అనుమానించాలి. కుండీ అంచున, మట్టి పైపొర మీద తెల్లటి పొర కట్టిందేమో చూడండి. కట్టి ఉంటే ఇక సందేహం అక్కర్లేదు.

ఆ ఉప్పు మూడు దారుల్లో వచ్చి ఉండొచ్చు. సముద్రానికి దగ్గర్లో చాలా బోర్లలో నీళ్లు కాస్త ఉప్పగానే ఉంటాయి. ఆర్‌ఓ ఫిల్టరు వదిలేసే నీళ్లు ఇంకా నష్టం, ఎందుకంటే మీ తాగునీటి నుంచి తీసేసిన లవణాలన్నీ వాటిలోనే ఉంటాయి. వాటిని ఇల్లు తుడుచుకోవడానికి వాడండి, మొక్కలకు మాత్రం వద్దు. ఇక మూడోది కొబ్బరి పొట్టు, అందులోనూ ఉప్పు ఉంటుంది. ఇటుకలా వచ్చే ఆ దిమ్మెను నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఒకసారి కడిగాకే మట్టిలో కలపాలి. చాలామంది నానబెట్టి నేరుగా కలిపేస్తారు.

ఫిల్టరు బాగుచేసే మెకానిక్ దగ్గర నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే పెన్నులాంటి టీడీఎస్ మీటరు ఉంటుంది. దాంతో మీ బోరు నీళ్లు చూపించండి. లీటరుకు 450 మిల్లీగ్రాముల లోపు ఉంటే నిశ్చింతగా పోయొచ్చు. 2000 దాటితే కూరగాయలకు పనికిరావు. మధ్యలో ఉంటే కుళాయి నీళ్లు కలిపి వాడుకోవచ్చు. మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి జలాశయాల నుంచి నగరానికి వచ్చేవి మంచినీళ్లే. వానాకాలం కాబట్టి డాబా మీద రెండు డ్రమ్ములు పెట్టి, మూతికి దోమతెర కట్టి వాన నీళ్లు పట్టుకోండి. వాటికి మించినవి లేవు.

ఇప్పుడున్న కుండీలను కాపాడుకోవాలంటే ఒక్కో కుండీలో మంచినీళ్లు నిదానంగా, అడుగు రంధ్రాల నుంచి ధారగా కారేదాకా పోయండి. గంట ఆగి మళ్లీ పోయండి. ఉప్పు కరిగి కిందికి పోతుంది. కింద పళ్లెం పెట్టి ఆ నీళ్లు నిలవ ఉంచకండి, మట్టి మళ్లీ పీల్చుకుంటుంది. పోషకాలు కూడా కొంత కొట్టుకుపోతాయి గనుక నాలుగు రోజుల తర్వాత కుండీకి గుప్పెడు వర్మీకంపోస్టు వేయండి.

రెండు పూటలా నీళ్లు అన్న లెక్క మానేయండి. వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి, లోపల పొడిగా తగిలితేనే పోయాలి. మన ఊళ్లో గాలిలో తేమ ఎక్కువ, ముసురు పట్టిన రోజుల్లో మట్టి త్వరగా ఆరదు. అలాంటప్పుడు వేళ ప్రకారం పోస్తే మొక్క వేళ్లు కుళ్లుతాయి. కొత్తవాళ్ల తోటలు పురుగుల కంటే నీళ్ల వల్లే ఎక్కువగా పోతుంటాయి.

పంటల ఎంపిక కూడా మార్చుకోవాలి. క్యాప్సికం, కాలీఫ్లవర్ చల్లదనం కోరేవి, జూన్‌లో మన తీరంలో వాటితో కష్టపడకండి. కాలీఫ్లవర్ చలికాలానికి చూద్దాం. టమాటా నారు ఆగస్టు, సెప్టెంబరుల్లో పోసుకోండి. ఈలోపు తోటకూర, పాలకూర, గోంగూర, బచ్చలి వేయండి. పాలకూర బీట్‌రూట్ కుటుంబానిది, ఉప్పును కాస్త ఓర్చుకుంటుంది. చిక్కుడు జాతి ఓర్చుకోదు, నీళ్ల సంగతి తేలేదాకా దాని జోలికి వెళ్లొద్దు. బచ్చలికి విత్తనం కూడా అక్కర్లేదు, కూరకు తెచ్చిన కట్టలో ముదురు కాడ గుచ్చితే చాలు.

తోటకూర విత్తనం ఆవగింజ కంటే చిన్నది. చిటికెడు విత్తనానికి గుప్పెడు పొడి ఇసుక కలిపి, ఎనిమిది అంగుళాల లోతున్న వెడల్పాటి తొట్టిలో చల్లి, పైన పలచగా మట్టి దులపండి. మొలక వచ్చేదాకా తడి గోనెపట్టా కప్పి చేత్తో నీళ్లు చిలకరించండి, మగ్గుతో పోస్తే విత్తనమంతా ఒక మూలకు చేరుతుంది. నాలుగైదు రోజుల్లో మొలకలు కనిపించగానే గోనె తీసేయాలి, ఒక్కరోజు ఆలస్యమైనా కాడలు పాలిపోయి వాలిపోతాయి. నెల తిరక్కుండానే కూర వండుకోవచ్చు.

ఒకేసారి ఇరవై కుండీలు వద్దమ్మా. ముందు ఐదింటితో చేయి తిరగనివ్వండి. తడి మట్టితో నిండిన ఇరవై లీటర్ల బకెట్టు ముప్పై కిలోల దాకా తూగుతుంది, అందుకే బరువైనవి శ్లాబు మధ్యలో కాకుండా దాని కింద గోడలు, దూలాలు ఉన్నచోట, ఇటుకల మీద ఎత్తుగా పెట్టండి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక వస్తే అన్నీ పిట్టగోడ లోపలి వైపు నేల మీదికి దించేయాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ గాలి ఎలాంటిదో మీకు చెప్పనక్కర్లేదు. పిట్టగోడ మీద పెట్టిన కుండీ కింద నడిచే మనిషి ప్రాణానికే ప్రమాదం, మామూలు రోజుల్లో కూడా అక్కడ పెట్టొద్దు.

రెండు వారాల తర్వాత కొత్తగా వచ్చిన ఆకులు చూడండి. మాడిన పాత ఆకు మళ్లీ పచ్చబడదు, దాన్ని చూసి టెన్షన్ పడొద్దు. కొత్త ఆకు అంచులు శుభ్రంగా ఉంటే నీళ్లు సరిపడ్డట్టే. కొత్తవి కూడా మాడుతుంటే ఆ కుండీ మట్టి మార్చి, కడిగిన కొబ్బరి పొట్టుతో మళ్లీ నింపుకోండి.