వాకాన్ సీటా, డివిజన్ త్రీ ఆటా?

ప్రశ్న: మేం డాలస్ శివార్లలో ఉంటాం. నాది హెచ్‌వన్‌బీ, గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నాం. మా అబ్బాయి ట్వెల్త్ గ్రేడ్‌లోకి వచ్చాడు. ఆరడుగుల మూడంగుళాలు, బాస్కెట్‌బాల్‌లో పాయింట్ గార్డ్, అంటే బంతి పట్టుకుని ఆటను నడిపించేవాడు. చదువులోనూ బాగానే ఉన్నాడు, మెకానికల్ ఇంజినీరింగ్ చేస్తానంటాడు. కాలేజీ ఆటల్లో పై మెట్టైన డివిజన్ వన్‌లో ఉన్న ఒక స్టేట్ యూనివర్సిటీ కోచ్ ‘ప్రిఫర్డ్ వాకాన్’గా, అంటే స్కాలర్‌షిప్ ఏమీ లేకుండా జట్టులోకి రమ్మంటున్నాడు. ఇంజినీరింగ్ ఉన్న ఒక చిన్న డివిజన్ త్రీ కాలేజీ కోచేమో ప్రతి వారం ఫోన్ చేస్తున్నాడు. మావాడు మొదటిదే అంటాడు. అక్కడ కోచింగ్ బాగుంటుందట, ఆట మెరుగయ్యాక ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు పెట్టుకునే జాబితా) ఇంకా పెద్ద చోటికి వెళ్తాడట, ఎన్‌ఐఎల్ డబ్బులూ వస్తాయట. వాళ్లమ్మ అసలు ఆటే మానేయమంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ అబ్బాయి చెప్పేదాంట్లో అబద్ధం లేదు. కాకపోతే అది పదేళ్ల కిందటి లెక్క. పెద్ద జట్టులో చేరడం, ఒకటి రెండేళ్లు ఓపిగ్గా బెంచ్ మీద కూర్చోవడం, ఈలోగా కోచ్ ఒంటినీ ఆటనూ తీర్చిదిద్దడం, మూడో ఏడు నుంచి మైదానంలో దిగడం. అప్పట్లో ఇలాగే జరిగేది. వర్జీనియా యూనివర్సిటీలో డిఆండ్రే హంటర్‌ను మొదటి ఏడాదంతా మ్యాచ్‌లు ఆడించకుండా ప్రాక్టీస్‌కే పరిమితం చేశారు. దాన్ని రెడ్‌షర్ట్ అంటారు. అదే కుర్రాడు 2019లో జట్టుకు జాతీయ టైటిల్ గెలిపించి, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో నాలుగో పేరుగా వెళ్లాడు. అతన్ని తయారుచేసిన కోచ్ టోనీ బెన్నెట్ 2024 అక్టోబర్లో, సీజన్ మొదలవడానికి కొద్ది వారాల ముందు పదవి వదిలేశాడు. ఇప్పటి వాతావరణంలో జట్టును నడపడానికి నేను సరైన మనిషిని కాదు అన్నది ఆయన చెప్పిన కారణం. వయసు 55 మాత్రమే.

ఆయన్ని అంతగా విసిగించింది ఏమిటో తెలిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. అప్పటికి కాలేజీ మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. 2021లో ఒకసారి మారడానికి ఆ నిబంధన తీసేశారు. 2024కల్లా మార్కులు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లైనా మారొచ్చన్నారు. మధ్యలో 2021 జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చన్నారు, ఎన్‌ఐఎల్ అంటే అదే. 2025 జులై నుంచైతే కోర్టు ఒప్పందం ప్రకారం కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు ఆదాయంలో వాటా ఇస్తున్నాయి. ఈ పద్ధతిలో చేరిన కాలేజీ ఒక్కొక్కటి 2025-26లో అన్ని ఆటలకూ కలిపి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా ఇవ్వొచ్చు. చాలాచోట్ల అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కే పోతుంది, ఆ తర్వాతి వంతు మగపిల్లల బాస్కెట్‌బాల్‌ది.

నేను దీన్ని తప్పుపట్టడం లేదు. ఆటగాళ్ల చెమట మీద కాలేజీలు, టీవీలు కోట్లు గడించి, పిల్లలకు మాత్రం స్కాలర్‌షిప్ చాలన్నన్నాళ్లూ జరిగింది అన్యాయమే. కానీ పదిహేడేళ్ల హైస్కూల్ కుర్రాడికి దీనివల్ల వచ్చిన నష్టం గురించి ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఈ ఏడాది గెలవకపోతే ఉద్యోగం పోయే కోచ్ ఎదుట ఇద్దరున్నారనుకోండి. ఒకడు మీ అబ్బాయి, రెండేళ్లు నేర్పాలి. ఇంకొకడు మూడేళ్లు కాలేజీ ఆట ఆడేసిన, కండపట్టిన ఇరవై రెండేళ్ల వాడు, రేపే దిగుతాడు. 2025 వసంతంలో మగపిల్లల డివిజన్ వన్ బాస్కెట్‌బాల్‌లోనే రెండు వేల మందికి పైగా పోర్టల్‌లో పేరు పెట్టుకున్నారు. కోచ్‌కు ఎంచుకోవడానికి కొరత లేదు. ఆ ఏడాది టైటిల్ గెలిచిన ఫ్లోరిడా జట్టునే చూడండి. ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచిన వాల్టర్ క్లేటన్ అయోనా అనే చిన్న కాలేజీ నుంచి వచ్చాడు. అతని పక్కన ఆడిన గార్డులు అలైజా మార్టిన్ ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి, విల్ రిచర్డ్ బెల్మాంట్ నుంచి వచ్చారు. వాళ్లకు తొలిపాఠాలు చెప్పింది ఆ చిన్నచోట్లే. మనవైపు చిన్న ఊరి స్కూల్ మాస్టారు టెన్త్ దాకా కష్టపడి చదివిస్తే, ఆ టాపర్‌ని ఫీజు మాఫీ పేరుతో కార్పొరేట్ కాలేజీ లాక్కుపోయి ర్యాంకు ప్రకటనల్లో ఫొటో వేసుకుంటుందే, ఇదీ అలాంటి వ్యవహారమే.

అంటే ఆటగాడిని తయారుచేసే పని ఆగిపోలేదు, చోటు మారింది. చిన్న చోట్ల నిమిషాలు దొరుకుతాయి, ఆ నిమిషాల్లోనే ఆట పెరుగుతుంది. పాయింట్ గార్డ్‌కు ఇది మరీ ముఖ్యం. షూటింగ్ ఒంటరిగా మెషీన్ ముందు సాధన చేయొచ్చు. ఆఖరి రెండు నిమిషాల్లో ఎదుటివాళ్లు ఒత్తిడి పెడుతుంటే బంతి ఎవరికివ్వాలో మాత్రం మ్యాచ్‌లో తప్పులు చేస్తేనే వస్తుంది.

పెద్ద చోట్ల ఓపిగ్గా నేర్పే కోచ్‌లు అసలే లేరని కాదు. పర్‌డ్యూలో మ్యాట్ పెయింటర్ ఉన్నాడు. కెనడా నుంచి వచ్చిన జాక్ ఈడీ హైస్కూల్ మధ్యలోగానీ బాస్కెట్‌బాల్ పట్టుకోలేదు. రిక్రూటింగ్ ర్యాంకుల్లో ఎక్కడో అడుగున ఉన్నవాడు. మొదటి ఏడాది మ్యాచ్‌కు పదిహేను నిమిషాలు ఆడాడు. నాలుగేళ్లూ ఒక్కచోటే ఉండి, 2023, 2024 రెండేళ్లూ దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడు అనిపించుకున్నాడు. అతనికి ఏడడుగుల నాలుగంగుళాల ఎత్తు ఉందనుకోండి, అది ఏ కోచ్ నేర్పితేనూ రాదు!

మరి మీ అబ్బాయిని పిలుస్తున్న కోచ్ పెయింటర్ లాంటివాడా కాదా? ఫోన్లో తీయగా మాట్లాడినంత మాత్రాన తెలియదు. ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో జట్టు జాబితా పాత ఏళ్లవి కూడా ఉంటాయి. మూడేళ్ల కిందటి జాబితా తీసి, అప్పుడు ఫ్రెష్‌మెన్‌గా, అంటే కాలేజీ మొదటి ఏడాదిలో ఉన్న పిల్లల్లో ఇవాళ ఎంతమంది మిగిలారో మీరే చూడండి. ఉన్నవాళ్ల ఆట నిమిషాలు ఏడాదికేడాది పెరిగాయా అన్నదీ అక్కడే కనిపిస్తుంది. తర్వాత ఈ ఏడాది జట్టులో పోర్టల్ నుంచి వచ్చిన గార్డులు ఎందరో చూడండి. ఫ్రెష్‌మెన్ అందరూ మాయమై, గార్డులంతా బయటివాళ్లే అయితే ఆ కోచ్ ‘మా దగ్గర డెవలప్‌మెంట్ బాగుంటుంది’ అన్న మాటను పక్కన పెట్టేయండి. ఇప్పుడున్న వాకాన్ పిల్లల్లో ఒకరి అమ్మానాన్నలతో మాట్లాడించమని కూడా అడగండి. దాటవేస్తే అదే జవాబు.

వాకాన్ అన్న మాట దగ్గర ఇంకో చిక్కు ఉంది. పూర్వం డివిజన్ వన్ జట్టుకు 13 స్కాలర్‌షిప్‌లు ఉండేవి, ఆపైన వాకాన్‌లను ఎంతమందినైనా పెట్టుకునేవారు. ఆదాయ వాటా పద్ధతిలోకి వెళ్లిన కాలేజీల్లో ఇప్పుడు మొత్తం జట్టుకే 15 మంది పరిమితి. స్కాలర్‌షిప్ లేని పిల్లలకు మిగిలే చోటు బాగా తగ్గింది. ‘ప్రిఫర్డ్’ అనే మాట గౌరవానికే, దానికి రాతపూర్వక హామీ ఏమీ ఉండదు. వచ్చే ఏప్రిల్‌లో పోర్టల్ నుంచి మంచి గార్డ్ దొరికితే మీవాడి కుర్చీ పోవచ్చు. ఆ కాలేజీ ఈ పద్ధతిలో చేరిందా, 15లో మీవాడికి చోటు ఖాయమా అని కోచ్‌ను మెయిల్‌లో అడగండి. ఫోన్లో అడగొద్దు.

ఇక డివిజన్ త్రీ. ఆ ‘త్రీ’ వినగానే మనవాళ్లకు మూడో రకం కాలేజీలా వినిపిస్తుంది. వీకెండ్ పార్టీల్లో అంకుల్స్ ముందు చెప్పుకోవడానికి నామోషీ. ఎంఐటీ, షికాగో యూనివర్సిటీ, కార్నెగీ మెలన్, జాన్స్ హాప్‌కిన్స్, కేస్ వెస్టర్న్, రోజ్ హల్మన్ బాస్కెట్‌బాల్ ఆడేది డివిజన్ త్రీలోనే. అక్కడ ఆట స్కాలర్‌షిప్‌లు ఉండవు, చదువును బట్టి ఇచ్చే మెరిట్ సాయం చాలా కాలేజీల్లో ఉంటుంది. మీ అబ్బాయిది హెచ్‌ఫోర్, అంటే మీ మీద ఆధారపడినవాళ్ల వీసా కాబట్టి ఫెడరల్ సాయం రాదు. అందుకే మెరిట్ ఎంత ఇస్తారో నిర్ణయానికి ముందే అంకెతో సహా తెలుసుకోండి. ఇంకోమాట, అక్కడి కోచ్ సిఫార్సు అడ్మిషన్ ఆఫీసులో కొంత పనిచేస్తుందిగానీ సీటు ఆయన చేతిలో లేదు.

అక్కడికి వెళితే పైకి దారి మూసుకుపోతుందా? డంకన్ రాబిన్సన్ విలియమ్స్ కాలేజీలో ఒక ఏడాది డివిజన్ త్రీ ఆడి, 2014లో మిషిగన్‌కు మారాడు. అప్పటి నిబంధన ప్రకారం ఏడాది కూర్చుని, తర్వాత మూడేళ్లు ఆడి, 2018లో జాతీయ ఫైనల్ దాకా వెళ్లాడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోకపోయినా మయామీ హీట్‌లో నిలదొక్కుకున్నాడు. అలాంటివాడు అరుదు. ఎన్‌బీఏ ఆశపెట్టడానికి ఈ పేరు చెప్పడం లేదు. బాగా ఆడినవాడి వీడియో ఏ మెట్టు మీద ఉన్నా కోచ్‌ల కంట పడుతుంది, బెంచ్ మీద కూర్చున్నవాడికి చూపించడానికి వీడియోనే ఉండదు.

పోర్టల్‌ను నమ్ముకునే ముందు మీ అబ్బాయి తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. డివిజన్ వన్‌లో ఆడాలంటే డిగ్రీలో మూడో ఏడాదికి 40 శాతం, నాలుగో ఏడాదికి 60 శాతం పూర్తయి ఉండాలి. కాలేజీ మారినప్పుడు పాత క్రెడిట్లలో కొన్నింటిని కొత్త కాలేజీ ఆ డిగ్రీకి లెక్కలోకి తీసుకోదు. ఇంజినీరింగ్‌లో ఈ నష్టం ఎక్కువ, ఎందుకంటే కోర్సులు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. ఆ లెక్క తప్పి, ఆట అర్హత కోసం మేజర్ మార్చుకునే పిల్లలున్నారు. మెకానికల్ చేయాలన్న కోరిక గట్టిదే అయితే రెండు మూడు కాలేజీలు మారే ఆలోచన దానికి పొసగదు.

డబ్బు సంగతి. వాకాన్‌కు వాటా దాదాపు ఎవరూ ఇవ్వరు. అసలు మీ ఇంట్లో ముందు చూడాల్సింది వీసా. హెచ్‌ఫోర్ మీద ఉన్న పిల్లలకు పని చేసే అనుమతి లేదు. ఇరవై ఒకటి నిండేలోగా గ్రీన్‌కార్డు రాకపోతే సాధారణంగా విద్యార్థి వీసా ఎఫ్‌వన్‌కు మారాలి, దాని మీద క్యాంపస్ బయట సంపాదన మీద కట్టడి గట్టిగా ఉంటుంది. ఎన్‌ఐఎల్ ఒప్పందం కింద ప్రకటనలో నటించడం, సంతకాలు చేసి అమ్మడం ఉద్యోగం కిందికి వస్తుందా అన్నదాని మీద లాయర్లలోనే ఏకాభిప్రాయం లేదు. జాక్ ఈడీ అంతటివాడే విదేశీ విద్యార్థి కావడంతో తోటి అమెరికన్ ఆటగాళ్లలా సంపాదించుకోలేకపోయాడు. ఊళ్లో బిర్యానీ హోటల్ వాళ్లు రెండొందల డాలర్లిచ్చి ఇన్‌స్టాలో రీల్ పెట్టమన్నా సరే, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా ఒప్పుకోవద్దు. ఆ రెండొందలు రేపు స్టేటస్ మార్చుకునేటప్పుడు తలనొప్పి కావచ్చు.

మీ శ్రీమతిగారి మాట. ఆట మానిపించడం వల్ల ఎస్‌ఏటీ స్కోరు పెరుగుతుందన్న నమ్మకం నాకు లేదు. ఈ వయసులో తనంతట తాను పొద్దున్నే లేచి జిమ్‌కు వెళ్లే కుర్రాడిని ఆపితే ఖాళీ అయిన గంటలు పుస్తకాలకే పోతాయని ఎవరు చెప్పగలరు? కాకపోతే ఆవిడ టెన్షన్‌లో న్యాయం ఉంది, ఎలాగంటే ఆట రేపు మోకాలి గాయంతో ఆగిపోయినా ఆ కాలేజీలో చదువు కొనసాగించడానికి వాడు ఇష్టపడాలి. ఈ ప్రశ్న ఇద్దరు కోచ్‌ల గురించీ కాకుండా రెండు క్యాంపస్‌ల గురించి అడగండి.

మీరు చెప్పినదాన్ని బట్టి నేనైతే డివిజన్ త్రీ వైపు మొగ్గుతాను. అక్కడి కోచ్ ప్రతి వారం ఫోన్ చేస్తున్నాడంటే వాడి కోసం జట్టులో ఒక స్థానం అనుకుని ఉన్నాడు. డివిజన్ వన్ కోచ్ మెయిల్‌కు స్పష్టంగా జవాబిచ్చి, పాత జాబితాల్లో ఫ్రెష్‌మెన్ నిలిచి ఉన్నట్టు తేలితే మళ్లీ ఆలోచించవచ్చు. ఏది ఎంచుకున్నా, డివిజన్ వన్ తలుపు తెరిచి ఉంచాలంటే కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ వాళ్ల ఎలిజిబిలిటీ సెంటర్‌లో పేరు నమోదు చేయించి, హైస్కూల్లో చేసి ఉండాల్సిన 16 కోర్ కోర్సుల లెక్క సరిపోతుందో లేదో ఈ నెలలోనే స్కూల్ కౌన్సెలర్ దగ్గర కూర్చుని చూసుకోండి. పదకొండో తరగతి వేసవిలో ఆన్‌లైన్లో చేసిన కోర్సులేమైనా ఉంటే వాటిని ఎన్‌సీఏఏ ఒప్పుకుంటుందో లేదో విడిగా అడగాలి.