ఒకవైపే మాట్లాడే డాక్యుమెంటరీని నమ్మొచ్చా?

ప్రశ్న: 2004లో మైకేల్ మూర్ తీసిన ‘ఫారెన్‌హైట్ 9/11’ ఈమధ్యే చూశాను. రెండు గంటలూ అప్పటి అమెరికా అధ్యక్షుడు బుష్‌ను తిట్టడమే. ఇలా ఒకవైపే మాట్లాడేదాన్ని డాక్యుమెంటరీ అనొచ్చా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నిక్షేపంలా అనొచ్చు. మూర్ తన పక్షమేదో దాచుకోలేదు, రెండు పక్షాలకూ సమానంగా సమయమివ్వడం డాక్యుమెంటరీకి షరతూ కాదు. చూడాల్సింది ఒక్కటే: సాక్ష్యమని తెర మీద చూపించింది, నిజంగా ఆ మాటకు సాక్ష్యమేనా?

ఉదాహరణకు, బుష్ ఒక విందులో ధనికులను ఉద్దేశించి ‘మిమ్మల్ని కొందరు ఉన్నతవర్గం అంటారు, నా బలగం మీరే అని నేనంటాను’ అనే ముక్క ఉంది. చూసేవాడికి ఒళ్లు మండుతుంది. కానీ అది 2000 అక్టోబర్‌లో న్యూయార్క్‌లో జరిగిన ఆల్ స్మిత్ ధార్మిక విందు. అధ్యక్ష పదవికి పోటీచేసే అభ్యర్థులు తమ మీద తామే జోకులేసుకోవడం అక్కడి ఆనవాయితీ. ప్రత్యర్థి అల్ గోర్ కూడా అదే వేదిక మీద మాట్లాడాడు. ఈ సంగతి సినిమాలో లేదు.

ఇంకొకటి ఇంతకన్నా తప్పు. 2000 అధ్యక్ష ఎన్నికలో ఫ్లోరిడా రాష్ట్రం ఓట్లను తిరిగి లెక్కిస్తే గోర్ గెలిచాడంటూ ఇలినాయి పత్రిక ‘పాంటాగ్రాఫ్’లోని ఒక శీర్షిక కనిపిస్తుంది. నిజానికి అది పాఠకుడి ఉత్తరానికి పెట్టిన శీర్షిక. దాన్ని పెద్దది చేసి, వార్తలా చూపించారు. తేదీ కూడా మారింది: ఉత్తరం అచ్చయింది 2001 డిసెంబర్ 5న, తెర మీద ఉన్నది 19. పత్రిక అభ్యంతరం చెప్పింది. అభిప్రాయాన్ని వార్తగా చూపడాన్ని ‘నా కోణం’ అని సమర్థించుకోలేరు.

అలాగని సినిమా అంతా అబద్ధం కాదు. 2001 సెప్టెంబర్ 11 దాడుల సంగతి చెవిలో చెప్పాక కూడా బుష్ ఫ్లోరిడాలోని సారసోటా బడిలో పిల్లల మధ్యే కూర్చుండిపోయిన దృశ్యం అసలైన వీడియో. అలా అయిదు నుంచి ఏడు నిమిషాలు కూర్చున్నాడని, ఆ దాడులపై విచారణ జరిపిన 9/11 కమిషన్ నివేదిక కూడా రాసింది.

ప్రశ్న: ఇలాంటి సినిమాతో ఓట్లు మారతాయా? – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఈ సినిమా అమెరికాలోనే దాదాపు 12 కోట్ల డాలర్లు వసూలు చేసింది. అయినా అదే ఏడాది నవంబర్‌లో బుష్ మళ్లీ గెలిచాడు. ఒక్క ఎన్నికతో తేల్చలేం కానీ, డబ్బిచ్చి టికెట్ కొనేవాళ్లలో ఎక్కువమంది ముందే ఆ పక్షం వాళ్లు.

ఈ విషయంలో మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ హోవ్‌లాండ్ బృందం అమెరికా సైనికుల మీద చేసిన పరీక్ష ఇప్పటికీ పనికొస్తుంది. జపాన్‌తో యుద్ధం ఇంకా కనీసం రెండేళ్లు సాగుతుందని 1945లో రెండు రకాల రేడియో ప్రసంగాలు వినిపించారు. ఒకదాంట్లో తమ వాదనే, రెండోదాంట్లో ఎదుటివాదన కూడా. ముందే ఆ మాట ఒప్పుకునేవాళ్ల మీద మొదటిది బాగా పనిచేసింది. ఒప్పుకోనివాళ్ల మీద, చదువు ఎక్కువున్నవాళ్ల మీద రెండోది పనిచేసింది. ఎదుటివాదన ముందే విన్నవాళ్లు తర్వాత ప్రతివాదం విన్నా అంత తేలిగ్గా మాట మార్చుకోలేదని 1953లో లమ్స్‌డేన్, జానిస్ అనే పరిశోధకులు చూపించారు. కాబట్టి ఏకపక్షం సినిమాకు సొంతవాళ్లను కూడగట్టే బలం ఎక్కువ, అవతలివాళ్లను ఒప్పించే బలం తక్కువ.

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీలో ఒక రాజకీయ డాక్యుమెంటరీ ప్రదర్శించాలి. పక్షపాతమనే మాట రాకుండా ఎలా? – ఒక అధ్యాపకుడు, కడప

జవాబు: అల్ గోర్ వాతావరణ మార్పుపై చేసిన ‘యాన్ ఇన్‌కన్వీనియంట్ ట్రూత్’ను బడుల్లో చూపించడం మీద ఇంగ్లండ్‌లో కేసు నడిచింది. 2007లో హైకోర్టు సినిమాను ఆపలేదు. మూల వాదన స్థూలంగా సరైనదేనంటూ, శాస్త్రం ఒప్పుకోని తొమ్మిది చోట్లను గుర్తించింది. సముద్రమట్టం 20 అడుగుల దాకా పెరగడం త్వరలోనే జరిగేలా చూపడం అందులో ఒకటి. అది వేల ఏళ్లు పట్టే మార్పు. ఉపాధ్యాయులకు వివరణ పత్రం ఇచ్చి చూపించుకోమంది.

మీరూ అలాగే చేయండి. ముందు మీరొక్కరే చూసి, వాదనకు కీలకమైన మూడు నాలుగు దృశ్యాలు ఎంచుకోండి. ఒక్కోదానికీ ఎప్పుడు, ఎక్కడ, ఏ సందర్భంలో తీశారో రాసుకోండి. ప్రసంగం ముక్కలకు పూర్తి వీడియో వెతికి, కోతకు ముందూ వెనకా ఏముందో వినండి. ఇవన్నీ ఒక పేజీలో రాసి, ప్రదర్శనకు ముందు కాదు, అయ్యాక పంచండి. ముందే ఇస్తే పిల్లలు తప్పులు వెతకడంలో పడి వాదన వినరు. ఒక దృశ్యాన్ని మళ్లీ శబ్దం తీసేసి చూపిస్తే, తమను కదిలించింది సమాచారమా, నేపథ్య సంగీతమా అన్నది వాళ్లకే తెలుస్తుంది.