సోమవారమే చేరొద్దు

చిరంజీవి చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో కార్లు తనిఖీ చేసే పని వదిలి, రేసింగ్ టీమ్‌లో చేరుతున్నావని మీ నాన్న చెప్పాడు. నా మోపెడ్ విప్పేసి మళ్లీ బిగించలేక ఏడ్చిన పిల్లోడివి! సంతోషంతో నిద్ర పట్టలేదు నాయనా. కానీ వచ్చే సోమవారమే చేరతావని తెలిసి టెన్షన్ మొదలైంది.

ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే రాజీనామా ఇవ్వు. రిలీవింగ్ లెటర్ తీసుకో. ఇవి నీకు తెలిసినవే.

గార్డెనింగ్ లీవ్ ఇస్తామంటే మాత్రం వద్దనకు. రాజీనామా ఇచ్చాక కొన్నాళ్లు జీతం వస్తుంది, పనికి రానివ్వరు, వేరేచోట చేరనివ్వరు, అంతే. 2017లో, కార్ల రేసులకు నిబంధనలు పెట్టే ప్రపంచ సంస్థ ఎఫ్‌ఐఏలో ఫార్ములా వన్ సాంకేతిక విభాగం చూసిన మార్సిన్ బుడ్కోవ్‌స్కీ రెనో టీమ్‌కి వెళ్తున్నాడని తెలిసి మిగతా టీములు మండిపడ్డాయి. కొత్త భాగం నిబంధనలకు సరిపోతుందా అని టీములు ముందుగా అడిగేది ఆ విభాగాన్నే మరి. అతని గార్డెనింగ్ లీవ్ గడువు మూడు నెలలే అయినా రెనో 2018 ఏప్రిల్ దాకా ఆగింది. ఆ 2018లోనే ఎఫ్‌ఐఏలోని లోరాన్ మెకీస్ కూడా ఫెరారీ టీమ్‌కి వెళ్తున్నాడనగానే ఫార్ములా వన్ పనుల నుంచి తప్పించారు. అతను చేరింది సెప్టెంబరులో.

1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ఉంది, నన్నెవరూ ఆపలేరు అన్నావట. ఉద్యోగం వదిలాక వేరేచోట చేరొద్దనే షరతు సాధారణంగా చెల్లదు, నిజమే. నోటీసు గడువులో నువ్వింకా వాళ్ల మనిషివే కదరా!

నాకు ఇరవై ఎనిమిదేళ్లప్పుడు చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు తనిఖీ చేసేవాణ్ణి. ఒక ఫ్యాక్టరీ ఆయన నన్ను ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టేవాడు. తోతాపురి ఎన్ని రోజులు మాగబెడతాడో, ఏ కాయ పక్కన పడేస్తాడో నా ముందు దాచలేదు. తనిఖీకి వచ్చినవాడి దగ్గర దాపరికమేంటని ఆయన నమ్మకం. జీతం రెట్టింపని నేను ఆయన పోటీదారు దగ్గర చేరాను. శుక్రవారం అక్కడ మానేశాను, సోమవారం ఇక్కడ. మూడో రోజు టీ తాగుతూ కొత్త యజమాని, "వాళ్లెలా మాగబెడతారు?" అన్నాడు. కాగితమేదీ ఇవ్వలేదు చిన్నోడా, నోటితోనే చెప్పేశాను. కొత్త ఉద్యోగం, మెప్పు కావాలి. ఆ సీజన్లోనే పెద్ద ఆర్డరు ఆయన చేయి జారింది. తర్వాత గోవిందరాజస్వామి గుడి దగ్గర ఎదురుపడ్డాడు. తిట్టలేదు. "బాగున్నావా సార్" అన్నాడు. అంతకుముందెప్పుడూ నన్ను సార్ అనలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది, క్షమించమని అడగలేకపోయాను.

నాలుగు నెలలు ఆగి ఉంటే? ఆ సీజన్ దాటేది, నేనూ "గుర్తులేదండీ" అనగలిగేవాణ్ణి. నిన్నూ టీ దగ్గరే అడుగుతారు. ల్యాప్‌టాప్, ఫోటోలు, వాట్సాప్ గ్రూపులు అన్నీ అప్పగించి రా. రాజీనామా ఇచ్చిన రోజు నుంచే నువ్వు చేరబోయే టీమ్ కారు తనిఖీకి వెళ్లనని రాసివ్వు.

ఆ ఖాళీ నెలల్లో ఇంటికొచ్చెయ్. తోటలో బోరు మోటారు మొరాయిస్తోంది, పెద్దమ్మ నీ గది కడిగించి పెట్టింది.

మీ పెదనాన్న
తిరుపతి