అమ్మకు స్మార్ట్ టీవీ కొనండి, రిమోట్ ఆమె చేతిలోనే ఉండనివ్వండి

తిరుపతి కొర్లగుంటలో అమ్మ ఒంటరిగా ఉంటోందని, 71 ఏళ్లని, షుగరూ బీపీ రెండూ ఉన్నాయని, నాన్న పోయాక పొద్దస్తమానం టీవీ ముందే కూర్చుంటోందని బెంగళూరు నుంచి రాశారు. కెమెరా ఉన్న స్మార్ట్ టీవీ పెట్టి వీడియో కాల్, వ్యాయామం, మాత్రల టైము అన్నీ అందులోనే చూసుకుందామంటే "ఏంది నాయనా, నాకు కాపలా పెడతా ఉండావా?" అని కోప్పడిందన్నారు.

ఆమె కోపం న్యాయమే. హాల్లో, తను పడుకునే చోట, ఎవరో ఎప్పుడైనా తొంగిచూసే కెమెరా ఉందంటే మీరైనా ఒప్పుకుంటారా? మూత ఉన్న కెమెరా కొనండి. మూత ఆమే తీస్తుంది, ఆమే వేస్తుంది. మీరు కాల్ చేస్తే ఎత్తాలో వద్దో కూడా ఆమె ఇష్టమే. ఈ మాట ముందే ఇవ్వండి, ఇచ్చాక తప్పకండి. చాలా టీవీలకు కెమెరా విడిగా తగిలించాలి, మీరు కొనే మోడల్‌కు కుదురుతుందో లేదో షాపులోనే పెట్టించి చూడండి.

అసలు చిక్కు రిమోట్ దగ్గర. సెట్‌టాప్ బాక్స్‌ది ఒకటి, టీవీది ఒకటి. ఏదో బటన్ నొక్కుకుపోయి తెర మీద 'నో సిగ్నల్' అని పడితే, మళ్లీ పక్కింటి పిల్లాడు వచ్చేదాకా పెద్దవాళ్లు గమ్మున కూర్చుంటారు, మీకు చెప్పరు కూడా. రెండు రోజులు సెలవు పెట్టి వెళ్లండి. అవసరమైన బటన్ల మీద రంగు టేపు అతికించి, చేతికిచ్చి, ఆమెతోనే నొక్కించండి.

మాత్రలకు అలారం కంటే ఆమె రోజూ చూసే ఎస్వీబీసీ కార్యక్రమమే మేలు, దాన్ని మాత్ర వేళకు ముడిపెట్టండి. 65 దాటినవాళ్లు వారానికి కనీసం 3 రోజులు బలానికి, తూలిపోకుండా నిలదొక్కుకోవడానికి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గోడకు ఆనించిన కుర్చీలోంచి మెల్లగా లేచి కూర్చోవడంతో మొదలుపెట్టించండి, ముందు డాక్టర్ని అడగండి, కళ్లు తిరిగితే ఆపేయమనండి. వీడియో పెట్టేసి వదిలేస్తే చేయదు. వీడియో కాల్‌లో మీరూ అటు కుర్చీ వేసుకుని కలిసి చేయండి, మధ్యలో మనవళ్లను దూరనివ్వండి.

ఛాతీనొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా టీవీ జోలికి పోకుండా 108కి ఫోన్ చేయాలని మాత్రం ఆమెకూ పక్కింటివాళ్లకూ ఇద్దరికీ చెప్పి రండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 కూడా పెద్ద అక్షరాలతో గోడ మీద రాసిపెట్టండి.