మీ సందేహాలకు సమాధానాలు: మరణానంతర స్కాన్‌లో ఊపిరితిత్తులు

ప్రశ్న: మా చిన్నాన్నగారి అబ్బాయి కార్తీక మాసంలో సముద్ర స్నానానికి దిగి అలల్లో కొట్టుకుపోయాడు. మరునాడు ఉదయం మృతదేహం ఒడ్డుకు చేరింది. పోలీసులు పంచనామా జరిపి, ప్రభుత్వ ఆసుపత్రి మార్చురీలో పోస్టుమార్టం చేయించారు. ఊపిరితిత్తులు ఉబ్బి ఉన్నాయనీ, కోసినప్పుడు నురగతో కూడిన ద్రవం వచ్చిందనీ రిపోర్టులో ఉంది. మరణ కారణం మాత్రం పరీక్షల ఫలితాలు వచ్చాక చెబుతామని రాశారు. శరీరాన్ని కోయకుండా సీటీ స్కాన్ తీసి ఉంటే నీళ్లు మింగాడో లేదో అప్పుడే తేలిపోయేది కదా అని మా పిన్ని ఇప్పటికీ కుమిలిపోతోంది. అది నిజమేనా?
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: మీ పిన్నిగారి బాధ సహజమైనది. అయితే ఆమె అనుకుంటున్న దాంట్లో సగమే నిజం. ఊపిరితిత్తుల్లో ద్రవం ఉందో లేదో సీటీ స్కాన్ కొద్ది నిమిషాల్లో చూపిస్తుంది. కానీ ఆ ద్రవం ఎందుకు చేరిందన్నదే అసలు ప్రశ్న. గుండె హఠాత్తుగా విఫలమైనా, కొన్ని మందులు, మాదకద్రవ్యాలు మోతాదు మించినా ఊపిరితిత్తుల్లో ఇలాగే నురగ నిండుతుంది. సముద్రంలో దిగిన మనిషికి అక్కడే గుండెపోటు వచ్చి ఉండవచ్చు, మరెక్కడో మరణించిన మనిషిని ఎవరైనా నీటిలో పడవేసి ఉండవచ్చు. అందుకే నీట మునిగి మరణించాడని ఏదో ఒక్క గుర్తును పట్టుకుని ఎవరూ తేల్చరు. మిగిలిన కారణాలను ఒక్కొక్కటిగా తోసిపుచ్చుతూ వస్తేనే ఆ నిర్ణయానికి చేరగలరు.

అలాగని స్కాన్ వృథా అనలేము. మృతదేహాన్ని సంచీలోంచి తీయకుండానే సీటీ బల్లపై పడుకోబెట్టి, తల నుంచి పాదాల దాకా సన్నని పొరలు పొరలుగా చిత్రాలు తీస్తారు. గాలి నల్లగా, ఎముక తెల్లగా, నీరు, రక్తం ఆ రెంటికీ మధ్య బూడిద రంగుల్లో కనిపిస్తాయి. మునిగి మరణించిన వారి ఊపిరితిత్తులు బాగా ఉబ్బి, నలుపులో అక్కడక్కడా మసక మరకలు పడి, అతుకుల బొంతలా ఉంటాయి. శ్వాసనాళంలో నురగ, ముక్కు వెనుక ఎముక గుహల్లో నిలిచిన నీటి మట్టం, జీర్ణాశయంలో ద్రవం కూడా చూస్తారు. ఊపిరితో పాటు ఇసుక లోపలికి పోయి ఉంటే అది శ్వాసనాళపు గోడల వెంట తెల్లని చుక్కలుగా మెరుస్తుంది. భీమిలి వైపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ వంటి బరువైన ఖనిజాలు ఉన్నాయి కనుక మన తీరంలో ఈ గుర్తును వెతకడం మరీ ఉపయోగమని నా అభిప్రాయం. ఎముక గుహల్లో నీటి విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మరణించాక నీటిలో పడిన దేహంలోకి కూడా అది మెల్లగా చేరగలదు.

స్కాన్ చేయలేని పని మరొకటి ఉంది. నీటిలో డయాటమ్‌లనే కంటికి కనిపించని నాచు జీవులు ఉంటాయి. గుండె కొట్టుకుంటూ ఉండగా నీరు లోపలికి పోతే అవి రక్తంతో పాటు ఎముక మజ్జ దాకా చేరతాయి. వాటిని మైక్రోస్కోపు కింద వెతకాలంటే ఎముక ముక్క చేతికి రావాలి కదా. విషపదార్థాల కోసం రసాయన పరీక్షకు విసెరా, అంటే లోపలి అవయవాల ముక్కలు, పంపాలన్నా అంతే. కనుక మీ విషయంలో డాక్టరు ఫలితాల కోసం ఆగడం సరైన పనే.

ప్రశ్న: మా మేనమామ ఓడలో పనిచేస్తూ విదేశీ రేవులో నిద్రలోనే మరణించారు. అక్కడ శరీరాన్ని కోయకుండా సీటీ మాత్రమే తీసి, గుండె జబ్బు అని ధ్రువీకరించి పంపారు. రిపోర్టులో రెండు ఊపిరితిత్తుల వెనుక భాగంలో మసక ఉందనీ, అది మరణానంతర మార్పనీ రాశారు. ఇక్కడ మాకు తెలిసిన ఒక డాక్టరుకు ఆ చిత్రం చూపిస్తే న్యుమోనియాలా ఉందన్నారు. నిజం దాచిపెట్టారేమో అనిపిస్తోంది.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: దాచిపెట్టారని ఆ మసకను బట్టి అనలేము. బతికున్నవారి సీటీలు చదివే కంటికి అది న్యుమోనియాగానే తోస్తుంది. మీ డాక్టరుగారిదీ అవగాహన లోపం కాదు, అలవాటు. గుండె ఆగిన కొద్ది గంటల్లోనే రక్తం తన బరువుకు తానే కిందికి దిగుతుంది. వెల్లకిలా పడుకోబెట్టిన దేహంలో అది వీపు వైపుకు, ఊపిరితిత్తుల వెనుక భాగానికి చేరుతుంది. వీపు చర్మంపై కనిపించే ఊదా రంగు మచ్చలు కూడా దీని వల్లనే. కదిలించని కుండలో మట్టి నీరు తేరుకున్నట్లు, పైన నలుపు, కిందికి పోను పోను చిక్కనయ్యే బూడిద రంగు, రెండు వైపులా ఒకే తీరుగా ఏర్పడతాయి. న్యుమోనియా సాధారణంగా అలా మట్టం చూసుకుని పరుచుకోదు. దేహాన్ని ఎంతసేపు ఏ వైపు పడుకోబెట్టి ఉంచారో రిపోర్టులో ఉందేమో చూడండి. బోర్లా పడి మరణించిన వారిలో ఈ మసక ఛాతీ ముందు వైపు ఉండాలి.

అయినా మీ అనుమానానికి బొత్తిగా ఆధారం లేదనను. బ్రిటన్‌లో మాంచెస్టర్, ఆక్స్‌ఫర్డ్‌లలో 182 మృతదేహాలకు సీటీ, ఎంఆర్ఐ తీసి, ఆపై మామూలు పోస్టుమార్టంతో పోల్చి చూసిన అధ్యయనం 2012లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. సీటీ చూసి చెప్పిన మరణ కారణం 32 శాతం కేసుల్లో పోస్టుమార్టంలో తేలిన దానితో గట్టిగా విభేదించింది. తరచుగా పొరబడిన వాటిలో గుండె రక్తనాళాల జబ్బుతో పాటు న్యుమోనియా, ఊపిరితిత్తుల రక్తనాళంలో అడ్డుపడే గడ్డ కూడా ఉన్నాయి. మరణించాక రక్తం తనంతట తాను గడ్డకడుతుంది కనుక, ప్రాణం తీసిన గడ్డను, తర్వాత కట్టిన గడ్డను మామూలు సీటీ విడదీసి చూపలేదు. రక్తనాళాలు చిత్రంలో స్పష్టంగా కనిపించేలా చేసే కాంట్రాస్టు ద్రవాన్ని వాటిలోకి పంపుతో ఎక్కిస్తే కొంత మేలు. ఊపిరితిత్తుల్లోకి గాలి నింపి తీసే స్కాన్‌లో కిందికి దిగిన రక్తపు మసక చాలావరకు విడిపోతుంది, జబ్బు మసక నిలిచి ఉంటుంది. ఈ రెండింటిలో ఏదైనా చేశారా అని అక్కడి అధికారులను లిఖితపూర్వకంగా అడిగే వీలు మీకు ఉండవచ్చు.

కత్తి కన్నా స్కానే నయమయ్యే సందర్భం ఒకటి చెప్పాలి. పక్కటెముక గుచ్చుకుని ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరితే, ఛాతీ తెరవగానే ఆ గాలి పోతుంది. సీటీలో అది చెక్కుచెదరకుండా దొరుకుతుంది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిని మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్ 2021లో ప్రారంభించింది.

ప్రశ్న: 2020 మే 7న ఆర్.ఆర్.వెంకటాపురంలో విషవాయువు లీకై మరణించిన వారి వంటి కేసుల్లో, పీల్చిన వాయువు ఏదో స్కాన్ చెప్పగలదా?
– ఒక విద్యార్థి, గోపాలపట్నం

జవాబు: చెప్పలేదు. ఆనాడు లీకైన స్టైరిన్ అయినా, క్లోరిన్ అయినా ఊపిరితిత్తులు ఉబ్బి నీరు చేరినట్లే చిత్రంలో కనిపిస్తుంది. పేరు తెలియాలంటే రక్తాన్ని, విసెరాను ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పరీక్షించవలసిందే. అందులోనూ స్టైరిన్ వంటివి సులభంగా ఆవిరైపోతాయి కనుక, నమూనాలను గాలి చొరబడని సీసాలో మూతి బిగించి, చల్లగా ఉంచి, ఆలస్యం లేకుండా పంపాలి.