నెగటివ్ పంది సీరంకూ ఎలీసాలో రంగు ఎందుకొస్తోంది?

వరంగల్ చుట్టుపక్కల పందుల కోసం ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ (పందులకొచ్చే వైరస్ జబ్బు) ఎలీసా, అంటే రక్తపు సీరంలో యాంటీబాడీలను రంగుతో పట్టే పరీక్ష, తయారు చేస్తున్నామని, ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారు చేసి తీసిన పీ30 అనే వైరస్ ప్రోటీన్ వాడితే జబ్బు లేని నెగటివ్‌లకూ ఓడీ (రంగు ఎంత ముదిరిందో చెప్పే కొలత) 0.6 వస్తోందని రాశారు. కటాఫ్ (పాజిటివ్ అనడానికి దాటాల్సిన ఓడీ హద్దు) పెంచేద్దామా అని మీ ప్రశ్న.

దయచేసి పెంచకండి. పెంచితే యాంటీబాడీలు అప్పుడప్పుడే మొదలైన పందులు నెగటివ్‌లో కలిసిపోతాయి. ముందు అనుమానించాల్సింది ఈ.కోలైని. చెత్తకుప్పల మీద, మోరీల్లో తిరిగే పంది పేగుల నిండా అదే. దాని మీద యాంటీబాడీలు సీరంలో దండిగా ఉంటాయి. ప్రోటీన్‌ను శుద్ధి చేసే నికెల్ కాలమ్ ఒక్కసారి దాటిన ప్రోటీన్‌లో ఈ.కోలై ప్రోటీన్లు ఎంతో కొంత మిగులుతాయి, రంగు వాటి వల్లే రావచ్చు. తేల్చడం తేలికే. పీ30 జీన్ లేని ఖాళీ వెక్టర్ (జీన్‌ను మోసే డీఎన్ఏ) ఉన్న ఈ.కోలై లైసేట్‌ను (కణాలు పగలగొట్టిన రసాన్ని) అదే కాలమ్ దాటించి పక్క వరుస వెల్స్‌లో వేయండి. అక్కడా రంగొస్తే కారణం అదే. అప్పుడు సీరాన్ని పలుచన చేసే డైల్యూయెంట్‌లో ఆ లైసేట్ కలిపి, అందులో సీరాన్ని 37 డిగ్రీల్లో అరగంట ఉంచాకే ప్లేట్‌లో పోయండి. ప్రోటీన్‌ను జెల్ ఫిల్ట్రేషన్‌తో (సైజును బట్టి వేరు చేసే పద్ధతి) ఇంకోసారి శుద్ధి చేస్తే మరీ మంచిది.

సీరం వేయని వెల్‌లోనూ రంగొస్తే తప్పు కాంజుగేట్‌దో (పంది యాంటీబాడీకి అతుక్కునే, ఎంజైమ్ తగిలించిన యాంటీబాడీ), వెల్‌లో ఖాళీ చోటు కప్పే బ్లాకింగ్‌దో, వాషింగ్‌దో.

వెల్‌కు ప్రోటీన్ అంటించే కోటింగ్‌కు పీహెచ్ 9.6 కార్బొనేట్ బఫర్, వెల్‌కు 100 మైక్రోలీటర్లు, 4 డిగ్రీల్లో రాత్రంతా. యాంటిజెన్ (ఇక్కడ పీ30) మిల్లీలీటరుకు 0.25 నుంచి 4 మైక్రోగ్రాములు, సీరం 1:50 నుంచి 1:400 దాకా చెకర్‌బోర్డ్ వేసి (ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా మారుస్తూ), పాజిటివ్‌కూ నెగటివ్‌కూ తేడా ఎక్కడ ఎక్కువో అది పట్టుకోండి. బఫర్లలో సోడియం అజైడ్ వద్దు, రంగు పుట్టించే ఎంజైమ్ హెచ్ఆర్‌పీని చంపేస్తుంది.

మే నెల ఎండలో తెచ్చే శాంపిళ్లతో ఇంకో తిప్పలుంది. హీమోలైజ్ అయి (ఎర్ర కణాలు పగిలి) ఎర్రబారిన సీరం కూడా ఓడీ పెంచుతుంది. రక్తం నీడలో గడ్డకట్టాక సీరం వేరు చేసి, అప్పుడే ఫ్రీజర్‌లో పెట్టాలి.

కటాఫ్‌కు కచ్చితమైన నెగటివ్‌లు కావాలి. మన దేశంలో ఈ జబ్బు బయటపడింది 2020లో, ఈశాన్య రాష్ట్రాల్లో. అంతకు ముందు ఇక్కడ తీసి దాచిన పంది సీరం ఏ ల్యాబ్‌లో ఉన్నా అడిగి తెచ్చుకోండి, బంగారమే.

తీవ్రంగా సోకిన పంది యాంటీబాడీలు పుట్టకముందే చనిపోవచ్చు. అవి కనపడటానికి వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి మందలో చావులు మొదలైతే ఎలీసా నెగటివ్‌ను నమ్ముకోకుండా, గడ్డకట్టకుండా ఈడీటీఏ కలిపిన రక్తం, ప్లీహం ముక్క వైరస్ జీన్లనే పట్టే పీసీఆర్‌కు పంపాలి.